పది ఇళ్లకు ఒకే బోరు ఉన్నప్పుడు తాగునీటిని జాగ్రత్తగా చూసుకోవడం ఎలా?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూర్, రాజురా వైపు పది ఇళ్లు కలిసి వేయించుకున్న బోరు నీటినే తాగే తెలుగు కుటుంబాలు ముందుగా ఆ నీటికి ఒక బాధ్యుణ్ణి ఎంచుకోవాలి. మోటారు వేసేవారు, కరెంటు బిల్లు వసూలు చేసేవారు ఎలాగూ ఉంటారు. పరీక్షల ఫలితాలు, ట్యాంకు కడిగిన తేదీలు, క్లోరిన్ వేసిన లెక్క ఒకే పుస్తకంలో రాసిపెట్టే మనిషే సాధారణంగా ఉండరు.

ఈ జిల్లాలో మొదట చూడవలసింది ఫ్లోరైడు. ఇది రాతిలోంచి నీటిలో కరిగి వస్తుంది. రంగులోగాని రుచిలోగాని ఏ తేడా తెలియదు. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు మాత్రమే 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎదిగే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల్లో కీళ్లు బిగుసుకుపోతాయి. కాచినా లాభం లేదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదానిలో ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం, ఫ్లోరైడును పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు, నీటిలో పటికనూ సున్నాన్నీ కలిపే నల్గొండ పద్ధతి (నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ రూపొందించినది) ఫ్లోరైడును తగ్గిస్తాయి. అయితే శుద్ధి చేశాక వచ్చే నీటిని మళ్లీ పరీక్షించకపోతే, డబ్బు ఖర్చు పెట్టామన్న తృప్తి తప్ప మరేమీ మిగలదు. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే కేంద్ర పథకమైన జల జీవన్ మిషన్ కింద పనిచేసే ప్రయోగశాలలు రుసుము తీసుకుని ప్రజల నమూనాలను కూడా పరీక్షిస్తాయి. నివేదిక మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది కనుక అంకెలను తెలుగులో పుస్తకంలోకి ఎక్కించుకోవడం మంచిది.

క్రిములు మాత్రం ఎక్కువగా పైనుంచే చేరతాయి. బోరులో దింపిన కేసింగు పైపు నేలకు కనీసం అడుగు ఎత్తున ఉండాలి, చుట్టూ నీరు నిలవకుండా గచ్చు చేయించాలి, సెప్టిక్ ట్యాంకు 50 అడుగులకు దగ్గరగా ఉండకూడదు, సంపుకు బిగువైన మూత ఉండాలి. తొలకరి తర్వాత ప్రయోగశాల ఇచ్చిన శుద్ధమైన సీసాలో నమూనా పట్టి అదే రోజు అందజేయాలి. 100 మిల్లీలీటర్లలో మలం కలిసిందని తెలిపే ఈ-కోలి క్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదు. దానితోపాటే నైట్రేటు కూడా చూడమని అడగాలి; దాని పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు.

ట్యాంకులోని 1000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు సరిపోతుంది. దానిని బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి, చివరి ఇంటి కుళాయిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉందో లేదో క్లోరిన్ కొలిచే కిట్టుతో చూడాలి. తెరిచి ఉంచిన పౌడరు సత్తువ కోల్పోతుంది.

ఫ్లోరైడు 1.5 దాటిన బోరును స్నానానికి, బట్టలకు మాత్రమే ఉంచి, తాగడానికీ వంటకూ వేరే నీరు తెచ్చుకోవాలని సమావేశంలో తీర్మానించి, ఆ మాటను కుళాయి దగ్గర తెలుగులోనూ మరాఠీలోనూ రాయించాలి.