చారల మొక్క పచ్చబడిపోతోందా? ఎరువు పక్కన పెట్టి కొమ్మ చూడండి

కొన్నప్పుడు ఆకు మీద తెల్ల చారలో, పసుపు మచ్చలో ముచ్చటగా ఉంటాయి. ఆర్నెల్లు తిరిగేసరికి అన్నీ మామూలు పచ్చాకులు. వెంటనే చాలామంది చేసే పని గుప్పెడు ఎరువు వేయడం. అదేమీ వద్దు. మొక్క చుట్టూ ఒక్కసారి తిరిగి చూడండి. పచ్చదనం మొక్కంతా కొద్దికొద్దిగా పాకిందా, లేక ఒక్క కొమ్మకే పట్టిందా? ఇది చూడకుండా ఏం చేసినా దండగే.

మొక్కంతా పాకితే

వెలుతురు చాలట్లేదు. ఆకులో తెల్లగా ఉన్న చోట పత్రహరితం ఉండదు, అక్కడ ఆహారం తయారవదు. వెలుతురు తగ్గితే మొక్క కొత్త ఆకుల్లో పచ్చభాగం పెంచుకుంటుంది. టీవీ పక్కన పెట్టిన మనీప్లాంట్ చేసేది ఇదే. "మా హాల్లో వెలుతురు బాగానే ఉంటుందండీ" అంటారు. మన కంటికి బాగానే ఉంటుంది, మొక్కకే చాలదు. మధ్యాహ్నం ఆకుల మీద జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. నీడ మసకమసకగా పడితే చోటు మార్చాల్సిందే. తూర్పు కిటికీ దగ్గర పెడితే సరిపోతుంది. అలాగని నేరుగా మిద్దె మీదికి ఎక్కించకండి, మే ఎండకు ముందు మాడేది తెల్లభాగమే. మిద్దె మీదే ఉంచాలంటే షేడ్ నెట్ తప్పదు. పాత ఆకుల మీద ఆశ పెట్టుకోకుండా, కొత్తవి మూడు నాలుగు వచ్చాక చూడండి.

ఒక్క కొమ్మే పచ్చగా ఉంటే

నేను దెబ్బతిన్నది ఇక్కడే. తెల్ల అంచుల ఫైకస్ ఒకటి ఉండేది నా దగ్గర. బాగా పెరిగిందని ఒక ఏడాది గట్టిగా కత్తిరించాను. వానలు పడగానే కిందినుంచి ముదురుపచ్చ కొమ్మ ఒకటి దూసుకొచ్చింది. పెద్ద ఆకులు, ఏపైన పెరుగుదల. మొక్క కోలుకుందని మురిసిపోయాను. తర్వాతి వానాకాలానికి తెల్ల అంచున్న కొమ్మలు రెండే మిగిలాయి, అవీ ఆ పచ్చకొమ్మ నీడలో ఎండిపోయాయి. ఆ మధ్యలో వెలుతురు మార్చాను, కుండీ మార్చాను, ఎరువు మానేశాను. కత్తెర ఒక్కటే పట్టలేదు.

అసలు సంగతేమిటంటే, ఇలాంటి చాలా మొక్కల్లో రెండు రకాల కణాలు పొరలు పొరలుగా కలిసి ఉంటాయి. ఒక రకానికి పత్రహరితం ఉంటుంది, రెండోదానికి ఉండదు. చిగురు రెండు పొరల నుంచీ వస్తే ఆకుకు చార ఉంటుంది. పచ్చ పొర ఒక్కదాని నుంచే వస్తే ఆ కొమ్మ మొత్తం పచ్చే. దానికి ఆహారం ఎక్కువ, కాబట్టి పక్కవాటిని తొక్కేసి పెరుగుతుంది. ఎంత వెలుతురు ఇచ్చినా ఆ కొమ్మకు చార తిరిగి రాదు.

కాబట్టి కనపడిన రోజే కోసేయండి. కొస గిల్లితే లాభం లేదు. ఆ కొమ్మ మీది మొగ్గలు కూడా పచ్చవే కనక, ఒకటి పోయి రెండు వస్తాయి. చారలున్న కాండం నుంచి అది ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా వెళ్లి, మొదలంటా తీసేయాలి. మనీప్లాంట్‌కైతే తీగనే చూడండి. తీగ మీద చార కనిపించే కణుపు వరకు వెనక్కి వచ్చి, దానికి కాస్త పైన కోయండి. చార లేని కణుపును మిగిల్చి, చారల ఆకు వస్తుందని కూర్చోకండి. మొక్క ముప్పాతిక భాగం పచ్చబడిపోయిందా? దాంతో కుస్తీ పట్టకుండా, మిగిలిన చారల కొమ్మ నుంచి కటింగ్ తీసి కొత్త కుండీలో వేసుకోండి. గట్టిగా కత్తిరించిన ఏడాది మాత్రం, వానాకాలంలో పదిహేను రోజులకోసారి మొదట్లో తొంగి చూడాలి. అంటు మొక్కయితే అంటు కిందనుంచి వచ్చే చిగురునూ వదలొద్దు, అది వేరే మొక్క కిందే లెక్క.

పసుపు అంచుల స్నేక్ ప్లాంట్‌దీ ఇదే కథ, కాకపోతే అక్కడ తప్పు మొక్కది కాదు, మనది. ఆకును ముక్కలు కోసి నాటితే వేర్లు వస్తాయి, పిలకా వస్తుంది, పసుపు అంచు మాత్రం రాదు. కొత్త పిలక ఆకు లోపలి కణాల నుంచి పుడుతుంది, అంచులోని పసుపు పొర దానికి అందదు. అంచు కావాలంటే దుంపతో సహా పిలకను విడదీసి నాటుకోవాలి. చక్కగా బతికిన ఆకుముక్కలను చూపించి "రంగెందుకు రాలేదు?" అని అడిగేవాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో!

మిగతావి

యూరియా ఎక్కువైతే ఆకులు గుబురుగా, ముదురుపచ్చగా వస్తాయి. కొన్నాళ్లు ఆపండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే అది ఇనుము లోపం కావచ్చు, చారలతో సంబంధం లేదు. వైరస్ మాట ఇప్పుడే ఎత్తకండి, దానిదాకా వెళ్లే అవసరం అరుదు.

ఇక క్రోటన్‌ల లెక్క వేరు. వాటి కొత్త ఆకు చాలా రకాల్లో పచ్చగానో పసుపుగానో వచ్చి, ముదిరేకొద్దీ ఎరుపెక్కుతుంది. లేత ఆకు చూసి కంగారుపడి కత్తెర పట్టేవాళ్లు ముందు రెండు వారాలు ఆగండి.