పాప టీషర్టు బొడ్డు పైకెక్కింది

మూడేళ్ల మా పాపకి కొన్న కాటన్ టీషర్టు ఒక్క ఉతుక్కే బొడ్డు పైకెక్కింది. పిల్ల ఎదిగిందిలే అనుకున్నా. వారం తిరక్కుండా రెండోదీ అలాగే అయ్యేసరికి ఎదుగుదల మీద పెట్టుకున్న ఆశ పోయింది.

తప్పు నాదే. మరకలు పోవాలని 60 డిగ్రీల వేడి నీళ్లు పెట్టి, ఆపైన డ్రయ్యర్‌లో కరకరలాడేదాకా తిప్పేదాన్ని. దారం వడికి, బట్ట అల్లేటప్పుడు కాటన్ పోగులు సాగి బిగుసుకుని ఉంటాయట. తడి, వేడి, కుదుపు మూడూ తగిలితే మళ్లీ ముడుచుకుంటాయి. లోపలి లేబుల్ మీద చతురస్రంలో గుండ్రం, దాని మీద ఇంటూ గుర్తు ఉంది. డ్రయ్యర్ వద్దని అర్థం. కత్తిరించి పారేసే ముందు చూసుంటే బాగుండేది!

ఇప్పుడు 30 డిగ్రీలు దాటను. మరకకి ముందే సబ్బు రాసి పావుగంట వదిలేస్తా. తడిగా ఉండగానే దులిపి, కుట్ల వెంబడి మెల్లగా లాగి, నీడలో ఆరేస్తా. ఉన్ని స్వెట్టర్ మాత్రం చల్లటి నీళ్లలో చేత్తోనే. పిండను, టవల్‌లో చుట్టి నొక్కి, పరిచి ఆరబెడతా.

పొట్టిదైన టీషర్టుని గోరువెచ్చటి నీళ్లలో కాస్త హెయిర్ కండిషనర్ కలిపి అరగంట నానబెట్టా. టవల్ మీద పరిచి, అంగుళం అంగుళం లాగుతూ, అంచుల మీద గిన్నెలు బరువు పెట్టి ఆరనిచ్చా. పొడవు చాలావరకు తిరిగొచ్చింది. మెడ మాత్రం కొంచెం వంకర. పాప గమనించలేదు, నేనూ చెప్పలేదు.