పల్లెలో ఫోన్, ఇంటర్నెట్ – పాఠం 3: సిగ్నల్ కొలిచి సిమ్ ఎంచుకోవడం

టవరు, ఫైబరు, ఉపగ్రహం అనే మూడు దారుల గురించి గత పాఠంలో చెప్పుకున్నాం. పాడేరు, మారేడుమిల్లి ఏజెన్సీలో పదీ పదిహేను ఇళ్లున్న గూడేలకు ఇప్పటికీ ఎక్కువగా దిక్కు టవరే. పంచాయతీలకు ఇంటర్నెట్ ఇచ్చే ప్రభుత్వ పథకం భారత్‌నెట్ ఫైబరు పంచాయతీ దాకా వచ్చినా, అక్కడి నుంచి కొండ మీదికి లైను లాగడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి. అందుకే మన ఇంటికి ఏ సిమ్ పనికొస్తుందో ఈ పాఠంలో తేల్చుకుందాం.

ఫోన్ పైన కనబడే గీతలను లెక్కలోకి తీసుకోకండి. ఎంత సిగ్నలుకు ఎన్ని గీతలు చూపాలో ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. అసలు అంకె సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ వరుసగా తెరవండి. కొన్ని ఫోన్లలో ఇది స్టేటస్ అనే పేరు లోపల ఉంటుంది. సిగ్నల్ స్ట్రెంత్ దగ్గర మైనస్ గుర్తుతో అంకె, పక్కనే డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) అని ఉంటుంది. మైనస్ తర్వాతి అంకె ఎంత తక్కువైతే సిగ్నల్ అంత బలం. 4జీలో మైనస్ 90 లోపు వస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు. మైనస్ 105 దగ్గర మాట వినబడుతుంది గానీ పిల్లల వీడియో క్లాసు ఆగుతూ సాగుతుంది. 115 దాటితే కాల్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఈ అంకెలో 10 తేడా (10 డీబీ) అంటే అందే శక్తిలో పది రెట్లు తేడా.

ఇప్పుడు కొలత. ఫోన్‌ను ఒకచోట పెట్టి, అంకె నిలకడగా కనబడేదాకా ఆగి, రాసుకోండి. ముందు ఇంట్లో మంచం దగ్గర, తర్వాత వాకిట్లో, ఆపైన డాబా మీదో ఎత్తయిన గట్టు మీదో. లోపల మైనస్ 114, వాకిట్లో మైనస్ 99 వచ్చిందనుకోండి, టవరు మీకు అందుతున్నట్టే, అడ్డం మీ రేకులూ గోడలే. డాబా మీద కూడా 115 దాటితే ఆ సిమ్ మీద ఆశ వదులుకోండి. ఊళ్లో ఎవరి దగ్గర ఏ సిమ్ ఉంటే అది ఒక్క పూట అడిగి తీసుకుని, అదే ఫోన్‌లో, అవే చోట్ల కొలవండి. ఫోన్ మారితే పోలిక చెడిపోతుంది.

కొండలూ చెట్లూ ఉన్నచోట 700, 850, 900 మెగాహెర్ట్జ్ (తరంగం ఎంత వేగంగా కంపిస్తుందో చెప్పే కొలత) తరంగాలు 2300 మెగాహెర్ట్జ్ వాటికంటే దూరం వెళతాయి. బీఎస్ఎన్ఎల్ 4జీలో 700 కూడా ఉంది, దాన్ని అందుకోవాలంటే ఫోన్‌లో బ్యాండ్ 28 (ఆ 700 తరంగాలకు పెట్టిన పేరు) ఉండాలి. పాత ఫోన్లు చాలావాటిలో అది లేదు. సిమ్ మార్చేముందు ఇది చూసుకోండి.

ప్రభుత్వ నిధితో, అంటే డిజిటల్ భారత్ నిధితో, కట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో ఉమ్మడిగా వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. కాబట్టి మీ దగ్గరి టవరు వేరే కంపెనీదైనా, డేటా రోమింగ్ (వేరే కంపెనీ టవరు మీద నెట్ వాడనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి మరోసారి కొలవండి. సొంత సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, ఏ కంపెనీ టవరు అందినా అత్యవసర నంబరు 112కు కాల్ వెళుతుంది. నొప్పులు మొదలైన మనిషిని డోలీలో మోసుకెళ్లాల్సిన ఊళ్లలో ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి తీరాలి.

ఆన్‌లైన్‌లో అమ్మే సిగ్నల్ బూస్టర్ జోలికి మాత్రం పోకండి. అనుమతి లేకుండా పెడితే నేరం, పైగా అది చుట్టుపక్కల అందరి సిగ్నల్‌నూ చెడగొడుతుంది. దాని బదులు బయటి యాంటెన్నా తగిలించే 4జీ రౌటర్ (సిమ్ వేస్తే ఇంటికి వైఫై ఇచ్చే పెట్టె) తీసుకోండి. యాంటెన్నాను ఎత్తులో, టవరు వైపు తిప్పి కట్టి, ఇంట్లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే కాల్స్ కూడా దాని మీదే నడుస్తాయి. యాంటెన్నా నుంచి రౌటర్‌కు వచ్చే కేబుల్ పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది, అందుకే రౌటర్‌ను పైకప్పుకు దగ్గరగా పెట్టండి.

అభ్యాసం: మూడు చోట్ల, దొరికినన్ని సిమ్‌లతో, పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి కొలిచి పట్టిక వేయండి. రాత్రి అంకె అంతే ఉండి నెట్ మాత్రం నెమ్మదిస్తే లోపం సిగ్నల్‌ది కాదు, ఆ టవరు మీద రద్దీది. యాంటెన్నా దిశ పట్టుకోవడం నాలుగో పాఠంలో. అప్పటికి ఈ పట్టిక దగ్గర పెట్టుకోండి.