రోమన్ కంచు నాణెం ఏ చక్రవర్తి కాలానిదో పట్టుకోవడం ఎలా

ముందే చెప్తున్నా, చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి బిందెకి అది మంచిదే, కానీ ఇక్కడ పదిహేడు వందల ఏళ్ల కిలుము పొరలోనే చక్రవర్తి కన్నూ జుట్టూ అక్షరాలూ నిలబడి ఉంటాయి, పొర లేస్తే బొమ్మా పోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, మెత్తటి బ్రష్‌తో తుడిస్తే చాలు.

తర్వాత గదిలో లైట్లు ఆపేసి ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి, బల్లకి ఆనించినట్టు వేయండి. అంతవరకు నల్లగా కనిపించిన బిళ్ల మీద ముక్కు, గడ్డం పైకి తేలతాయి. అక్షరాల జోలికి అప్పుడే వెళ్లొద్దు, తల మీద ఏముందో చూడండి. నీరో తర్వాతి తొలి శతాబ్దాల నాణేల్లో ఆకుల దండ ఉంటే ఎక్కువగా ఆస్ అనే నాణెం, సూర్యకిరణాల్లాంటి ముళ్ల కిరీటం ఉంటే దానికి రెట్టింపు విలువున్న డుపోండియస్ అనే నాణెం. ముత్యాల పట్టీ కనిపిస్తే మీరు దాదాపుగా నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ చివరి రోజులకో, ఆ తర్వాతి కాలానికో వచ్చేసినట్టే.

ఇక బొరుసు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇద్దరు సైనికులు ఈటెలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడే చిన్న నాణెం, చుట్టూ 'సైన్యానికి కీర్తి' అని లాటిన్‌లో ఉంటుంది. వాళ్ల మధ్య సైనిక ధ్వజాలు లెక్కపెట్టండి: రెండుంటే సుమారు క్రీ.శ. 330–335, ఒకటే ఉంటే 335 తర్వాత, 341 లోపు. ఒక్క అక్షరం చదవకుండానే అయిదారేళ్ల తేడాలో కాలం తెలిసిపోతుంది! వాళ్ల కాళ్ల కింద గీత దిగువన ఉండే పొడి అక్షరాలు టంకశాల గుర్తు, అంతియొక్‌దా అలెగ్జాండ్రియాదా అన్నది అక్కడే తేలుతుంది.

కొనేటప్పుడు అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి, సన్నటి అతుకు గీత తగిలినా, పైన బుడగల గుంటలు కనిపించినా అది పోతపోసిన నకిలీ అయ్యే అవకాశం ఎక్కువ.

విశాఖలో ఉన్నవాళ్లు దాచే విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. ఉప్పుగాలికి, తేమకి కంచు మీద లేత ఆకుపచ్చ పొడి రాలడం మొదలైతే అది లోపలికి తినేస్తుంది, అలాంటిదాన్ని వెంటనే మిగతా వాటి నుంచి వేరుచేసి, అన్నిటినీ సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాల్లో పెట్టండి. పీవీసీ కవర్లు వద్దు.

విశాఖ దగ్గరి మన బౌద్ధ స్థలం తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి కదా అని అక్కడ నేల గీరొద్దు, అది రక్షిత స్థలం. ఎక్కడైనా పాతిపెట్టిన నాణేలు దొరికితే, 1878 నాటి నిధి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి.