చూడని పేరా ముందు తడబడకుండా: ప్రాథమిక తరగతుల పిల్లలను చదవడం, రాయడం పరీక్షకు ఎలా సిద్ధం చేయాలి?

మా బడిలో మూడో తరగతి పాప ఒకతె తెలుగు వాచకంలో పాఠాన్ని గడగడా చదివేది. ఒకరోజు చదువుతుండగా పొరపాటున రెండు పుటలు ఒకేసారి తిరిగాయి. పాప ఆగలేదు. కళ్ళు కొత్త పుట మీద, నోరు పాత పుటలో! పాఠమంతా కంఠస్థం, అంతే. అంతకుముందు చూడని నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసిస్తే రెండో మాట దగ్గరే ఆగిపోయింది.

ప్రాథమిక తరగతుల పిల్లలకు పెట్టే పరీక్షల పేర్లు వేరైనా, అవన్నీ చూసేది ఆ రెండో మాట దాటగలరా అని. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా రావాలని కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు కొత్త పాఠాన్ని నిమిషానికి కనీసం 60 మాటల చొప్పున అర్థం చేసుకుంటూ చదవాలి. 2024 డిసెంబరు 4న పిల్లలకు ఏమేం వచ్చో తెలుసుకోవడానికి దేశమంతటా జరిగిన పరఖ్ సర్వేలో మూడో తరగతి పిల్లలూ పాల్గొన్నారు. ఇక ఐదో తరగతి వాళ్ళకు, కేంద్ర ప్రభుత్వ వసతి బడి అయిన నవోదయలో ఆరో తరగతిలో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉండనే ఉంది. నెల్లూరు జిల్లాలో మా ఆత్మకూరు వైపు తల్లిదండ్రులకు మర్రిపాడు మండలం కృష్ణాపురంలోని నవోదయ అంటే ఒక కల. ఆ పరీక్షలో భాషకు 25 మార్కులు, 20 ప్రశ్నలు, అరగంట సమయం. నాలుగు పేరాలు ఇచ్చి ఒక్కోదానికి అయిదు ప్రశ్నలు అడుగుతారు. వాటిలో ఒక్కటీ వాచకంలోది కాదు. కాబట్టి వాచకాన్ని ఎన్నిసార్లు వల్లెవేయించినా అక్కడ అక్కరకు రాదు.

ముందు ఎవరు ఎక్కడున్నారో చూడండి

పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి, మూడేసి నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకోండి. కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ చేత్తో రాసి ఉంచుకోండి. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలో పరీక్షించేది దాదాపు ఇదే మెట్ల వరుసలో. కథ నుంచి మొదలుపెట్టి, రాకపోతే ఒక్కో మెట్టు కిందికి దిగడం నాకు అలవాటు. అక్షరాలతో మొదలుపెడితే బాగా చదివే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

ఈ పని మిగతా పిల్లల ముందు చేయకండి. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఐదో తరగతిలో కూడా పేరా దగ్గర ఆగిపోయేవాళ్ళు ఉంటారు. ఆశ్చర్యం బయటికి కనబడనివ్వకండి.

ఒత్తులు, దీర్ఘాల లోటు ఊరి పేర్లతో తీర్చండి

మా పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, పోలిక ఉన్న అక్షరాలు: మ–య, వ–ప–ష, ద–ధ–థ. రెండోది, హ్రస్వ దీర్ఘాలు. మూడోది, ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా కనిపించవు కాబట్టి వాటిని విడిగా, కొత్త అక్షరాలు నేర్పినట్టే నేర్పాలి.

దీనికి బస్సు బోర్డుల కంటే మంచి వాచకం నాకు దొరకలేదు. కావలి, ఉదయగిరి, పొదిలి, కోవూరు అన్నవాటిలో ఒత్తులే లేవు. గుణింతం వస్తే చాలు. తర్వాతి వారం నెల్లూరు, మర్రిపాడు, బుచ్చిరెడ్డిపాళెం ఇవ్వండి. వీటిలో ఉన్నవి ఏ అక్షరం కింద ఆ అక్షరపు ఒత్తే. ఆ పైవారం ఆత్మకూరు, మార్కాపురం. ఇక్కడ వేరే అక్షరపు ఒత్తు వస్తుంది. పిల్లలు ఈ పేర్లన్నీ ముందే విని ఉంటారు కాబట్టి సగం చదివి మిగతా సగం ఊహిస్తారు. ఊహించనివ్వండి, కానీ వెంటనే ‘ఇందులో ల ఒత్తు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు’ అనండి.

దీర్ఘాలకు జంట మాటలు పనికొస్తాయి: వడ–వాడ, కొన–కోన, మెడ–మేడ. ‘కోన’ అని రాయమంటే ‘కొన’ అని రాసిన పిల్లవాడికి పెంచలకోనను గట్టిగా, సాగదీసి పలికి వినిపించాను. మళ్ళీ ఆ తప్పు రాయలేదు. ‘మేడ’ దగ్గర మాత్రం ఇంకో సంగతి బయటపడింది. పిల్లలు మాటను సరిగ్గానే చదివారు, కానీ అదేమిటో ఎవరికీ తెలియదు. మా వైపు దాన్ని మిద్దె అంటారు. ‘దుకాణం’ కూడా అంతే, మాకది అంగడి. పరీక్షలో వచ్చే మాటకూ ఇంట్లో వాడే మాటకూ తేడా ఉన్న ప్రతిచోటా రెండింటినీ పక్కపక్కన రాసి గోడకు అంటించండి. ఇంటి మాట తప్పని మాత్రం చెప్పకండి. అది తప్పని చెబితే, రాసే వేళకు పిల్లవాడు అసలు నోరే విప్పడు.

ఈ దశలో కాగితం కంటే పలక మేలు. మార్కాపురం పలకలు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. ఇప్పుడు రాతి పలక దొరక్కపోయినా పరవాలేదు, చెరిపేందుకు వీలున్నది ఏదైనా సరే. చెరిపేయవచ్చన్న ధైర్యంతో పిల్లలు తప్పు రాయడానికి వెనుకాడరు.

వేగం గురించి కాస్త నెమ్మదిగా

నిమిషానికి 60 మాటలు అనగానే కొందరు ఫోనులో గడియారం పెట్టి పిల్లలను పరుగెత్తిస్తారు. తెలుగు మాట సంగతి వేరు. ‘చదువుకుంటున్నప్పుడు’ అన్నది మనకు ఒక్క మాట. అదే భావం హిందీలో చెప్పాలంటే మూడు నాలుగు మాటలు కావాలి. పొట్టి మాటలున్న పేరాలో 60 దాటిన పిల్లవాడే పొడుగు మాటల పేరాలో 40 దగ్గర ఉండవచ్చు. అందుకని లెక్క కోసం వారానికొక్కసారి కొలవండి చాలు. మిగతా రోజుల్లో మాటలను గుంపుగా చదవడం నేర్పండి: ‘వానలు మొదలయ్యాక / దూరం నుంచి / గూడబాతులు వస్తాయి’. ముందు మీరు చదవండి, తర్వాత కలిసి చదవండి, ఆ తర్వాత పిల్లలను ఒంటరిగా చదవనివ్వండి. రోజుకు పది నిమిషాలు చాలు.

అర్థం చేసుకోవడం: మార్కులు పోయేది ఇక్కడే

బాగా చదవగలిగే పిల్లలు కూడా తప్పు జవాబు పెట్టేది ఎందుకో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఒక చిన్న పేరాతో చెబుతాను. పక్షులు గూళ్ళు కట్టే నేలపట్టు 2022లో మా నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా మా పిల్లలకు ఇంకా దగ్గరిదే.

‘నేలపట్టు చెరువులో నీళ్ళ నడుమ చెట్లు ఉన్నాయి. వానలు మొదలయ్యాక దూరం నుంచి గూడబాతులు వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పిల్లలకు చేపలు తెచ్చి పెడతాయి. పక్షుల రెట్ట చెరువు నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళు పారిన పొలాల్లో పైరు ఏపుగా పెరుగుతుంది. అందుకే ఊరివాళ్ళు ఆ పక్షులను ఎవరినీ కొట్టనివ్వరు.’

ప్రశ్న: పేరా ప్రకారం పైరు ఏపుగా పెరగడానికి కారణం ఏమిటి? జవాబులు నాలుగు. 1. వానలు బాగా కురవడం. 2. చెరువులో చేపలు ఉండటం. 3. రెట్ట కలిసిన నీళ్ళు పారడం. 4. చెట్ల నీడ పడటం.

రైతుల పిల్లలు సగం మంది మొదటిది పెట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఇంట్లో విన్నది అదే. కానీ పేరా ఆ మాట చెప్పలేదు. కొందరు రెండోది పెట్టారు. పేరాలో ‘చేపలు’ అన్న మాట కనబడింది కదా! ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు తప్పు జవాబులను సాధారణంగా ఇలాగే అల్లుతారు: ఒకటి లోకంలో నిజమే కానీ పేరాలో లేనిది, ఇంకొకటి పేరాలోని మాటను వాడుకుని వేరే సంగతి చెప్పేది. ఈ రెండు వలలనూ పిల్లలకు పేర్లు పెట్టి చూపించండి. మా తరగతిలో వాటిని ‘ఇంటి జవాబు’, ‘ఎర జవాబు’ అంటాం. ఏది పెట్టినా నేను అడిగేది ఒక్కటే: ‘ఏ వాక్యంలో ఉంది? గీత గీయి.’ గీత గీయలేకపోతే జవాబు మార్చుకుంటారు.

నేరుగా దొరికే ప్రశ్నలకు ఈ గీత చాలు. ‘ఆ పక్షులు రాకపోతే రైతులకు ఏమవుతుంది?’ లాంటివి వస్తే రెండు వాక్యాల కింద గీయాలి, ఆ రెండింటినీ కలపాలి. ‘ఏపుగా’ అంటే ఏమిటని అడిగితే ముందు వెనుక వాక్యాలు చూడాలి. పేరాకు పేరు పెట్టమంటే అన్ని వాక్యాలనూ కప్పే పేరు వెతకాలి. ‘చేపలు’ అన్న పేరు ఒక్క వాక్యాన్నే కప్పుతుంది.

ఇంతకంటే బాగా పనిచేసిన ఉపాయం ఇంకొకటుంది: ప్రశ్నలు పిల్లల చేతనే తయారుచేయించడం. ఇద్దరిద్దరిని కలిపి, పేరా ఇచ్చి, ఒక ప్రశ్న, ఒక సరైన జవాబు, మూడు తప్పు జవాబులు రాయమనండి. పక్క జంటను మోసం చేయగల తప్పు జవాబు రాసినవాళ్ళకు చప్పట్లు. పది రోజులు ఈ ఆట ఆడాక, వలను అల్లినవాళ్ళు వలలో పడటం తగ్గింది.

పేరాలు ఎక్కడి నుంచి తేవాలని అడగకండి. రొట్టెల పండుగ, రొయ్యల గుంట, శ్రీహరికోట రాకెట్టు, ఉదయగిరి చెక్క గరిటెలు, ఒంగోలు గిత్త, ఏది తీసుకున్నా ఆరు వాక్యాలు మీరే రాయగలరు. అయితే అన్నీ తెలిసిన సంగతులే అయితే ‘ఇంటి జవాబు’ అలవాటు ముదురుతుంది. వారానికి రెండైనా పిల్లలకు బొత్తిగా తెలియని విషయాల మీద ఉండాలి: మంచు, ఎడారి, ఓడరేవు.

రాయడం: ముందు చెప్పించండి

‘మీ ఊరి గురించి అయిదు వాక్యాలు రాయండి’ అంటే ముప్పై నోటుపుస్తకాల్లో ‘మా ఊరు చాలా అందమైన ఊరు’ అన్న వాక్యమే వస్తుంది. ఎక్కడిదో గైడు వాక్యం. దాన్ని వదిలించాలంటే రాయకముందు మాట్లాడించాలి. నిన్న ఇంట్లో చేపల పులుసు ఎలా చేశారో చెప్పమన్నాను. చింతపండు ఎప్పుడు నానబెట్టారు, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేశారు అని పిల్లలే పోట్లాడుకున్నారు. అప్పుడు ‘ఇదే రాయండి’ అంటే ఎనిమిది వాక్యాలు వచ్చాయి, ‘ముందు’, ‘తర్వాత’, ‘చివరికి’ వాటంతట అవే వచ్చాయి.

మాట్లాడినట్టు రాస్తే వాక్యం చివర క్రియ ముక్కలవుతుంది. రాసినదాన్ని గట్టిగా చదివించి, క్రియను పూర్తిగా రాయించండి: ‘వెళ్తున్నాను’, ‘తిన్నాము’. బొమ్మ చూసి రాయడానికి ఎవరు, ఎక్కడ, ఏమి చేస్తున్నారు, ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. ‘ఎందుకు’ను వదిలేయనివ్వకండి, వాక్యం పొడుగయ్యేది దానితోనే.

దిద్దేటప్పుడు ఎర్ర సిరా పొదుపుగా వాడండి. ఒకరోజు దీర్ఘాలు, ఇంకోరోజు ఒత్తులు, మరోరోజు వాక్యం చివరి చుక్క. పుట మొత్తం ఎర్రబడితే పిల్లవాడు మర్నాడు రెండే వాక్యాలు రాస్తాడు, తప్పులు తగ్గించుకోవడానికి అదే సులువైన దారి మరి. డిక్టేషన్ చెప్పేటప్పుడు వాక్యాన్ని మూడుసార్లు చదవండి: వినడానికి ఒకసారి, రాయడానికి ఒకసారి, సరిచూసుకోవడానికి ఒకసారి.

ఓఎంఆర్ పత్రం

నవోదయలో జవాబులను ఓఎంఆర్ పత్రంలో వృత్తాలు నింపి గుర్తించాలి. బాల్ పెన్ను వాడాలి, పెన్సిల్ కుదరదు, ఒకసారి నింపాక మార్చుకునే వీలు లేదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఖాళీ వదలకూడదు. పెన్సిల్‌కు అలవాటుపడిన పిల్లలకు ఇది కొత్త. నెల ముందు నుంచీ జిరాక్సు తీసిన పత్రాల మీద పెన్నుతో సాధన చేయించండి. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతిది చేసేటప్పుడు వరుస తప్పడం మామూలు; 12వ ప్రశ్న జవాబు 11 దగ్గర పడితే ఆ తర్వాతివన్నీ పోతాయి. అందుకని ప్రతి అయిదు ప్రశ్నలకూ ఒకసారి అంకె సరిచూసుకోవడం అలవాటు చేయండి. ఒక్కో పేరాకు ఏడున్నర నిమిషాలు వస్తాయి. పేరా కంటే ముందు ప్రశ్నల మీద ఒకసారి కన్ను వేయడం కొందరు పిల్లలకు కలిసొస్తుంది, కొందరిని గందరగోళపెడుతుంది. రెండు విధాలా చేయించి చూసి, ఎవరికి ఏది నప్పితే అదే ఉంచండి.

ఇంట్లో

‘మాకు చదువు రాదు సార్, మేమేం చెప్పగలం’ అని తల్లులు అంటారు. పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని, ‘ఆ తర్వాత ఏమైంది?’, ‘ఎందుకలా చేశాడు?’ అని అడిగితే చాలు. నాట్లకో, పొగాకు పనులకో వెళ్ళే ఇళ్ళలో ఇది రాత్రి అన్నాల వేళే కుదురుతుంది. అంగడి చీటీ, పెళ్ళి పత్రిక, గ్యాసు బిల్లు, పాత దినపత్రిక, ఏదైనా చదివించవచ్చు.

పరీక్షకు ముందు వారం కొత్తవేవీ మొదలుపెట్టకండి. ముందురోజు రాత్రి తొమ్మిదికి పడుకోబెట్టండి. హాల్ టికెట్టు, రెండు పెన్నులు సంచిలో పెట్టండి. ఉదయం కడుపునిండా తినిపించి పంపండి. బయటికి రాగానే గేటు దగ్గరే ఒక్కో జవాబూ అడిగి లెక్క కట్టకండి.

మొదట్లో రాసుకున్న ఆ నోటుపుస్తకాన్ని పరీక్షతో మూసేయవద్దు. నెలకోసారి అదే మూడు నిమిషాలు, కొత్త పేరాతో, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. పుటలు తిరిగినా ఆగని ఆ పాప నాలుగో నెలలో గూడబాతుల పేరా చదువుతూ ‘ఏపుగా’ దగ్గర ఆగి, తలెత్తి, ‘అంటే ఏమిటి సార్?’ అని అడిగింది. ఆ రోజు తేదీ పక్కన ‘అడిగింది’ అని రాసుకున్నాను.