వెబ్‌సైట్ బాగుందో లేదో ఆర్కే బీచ్ ఎండలో తేలుతుంది

కొత్త సైట్ తయారైందని ఎవరైనా చూపిస్తే నేను ముందు ల్యాప్‌టాప్ మూయించేస్తాను. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి పట్టుకుని, మిట్టమధ్యాహ్నం మా విశాఖ బీచ్ రోడ్డుకి పోదాం పదండి అంటాను. కొనేవాళ్లు సైట్ చూసేది అలాగే: ఎండలో, ఒంటిచేత్తో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు. అక్కడ బయటపడే లోపాలు ఇవి.

సమస్య: ఎండలో అక్షరాలు కనబడవు

కారణం: తెల్లటి నేపథ్యం మీద లేత బూడిద రంగు. ఏసీ గదిలో ముచ్చటగానే ఉంటుంది.

పరిష్కారం: వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరం రంగుకీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద #999999 అనే లేత బూడిద రంగు పెడితే 2.85 దగ్గరే ఆగిపోతుంది. కాస్త ముదురు బూడిద #767676 పెడితే 4.54 వస్తుంది. నేనైతే ఇంకా ముదురు రంగే వాడమంటాను.

సమస్య: తెలుగు ఒత్తులు తెగిపోతున్నాయి

ఒక స్వీట్ షాపు సైట్‌లో ‘మాడుగుల హల్వా’ బటన్ మీద ‘మాడుగుల హలా’ అని పడింది. వ ఒత్తు మాయం. “మా సరుకు పేరే మారిపోయింది కదండీ” అని యజమాని బాధపడ్డ తీరు నాకింకా గుర్తుంది.

కారణం: డిజైన్ ఇంగ్లీషు అక్షరాల కొలతతో చేశారు. లైన్ హైట్ (ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.2, బటన్ ఎత్తు ఇంతేనని బిగించేశారు, అది దాటినదాన్ని దాచేయమన్నారు. మన లిపి పైకి గుడితో, కిందికి ఒత్తుతో పెరుగుతుంది. ‘స్త్రీ’కి రెండు ఒత్తులున్నాయి, వాటికి చోటు కావాలి కదా.

పరిష్కారం: బిగించిన ఎత్తు తీసేసి పైనా కిందా ప్యాడింగ్, అంటే ఖాళీ జాగా, ఇవ్వండి. లైన్ హైట్ 1.6 నుంచి 1.8 మధ్య పెట్టి చూడండి. డిజైన్ దశలోనే స్త్రీ, హల్వా, విశాఖపట్నం లాంటి మాటలు పెట్టి పరీక్షించండి. పాత కరపత్రంలోని మేటర్ పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయా? అది వేరే జబ్బు. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో కొట్టినదైతే, అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి.

సమస్య: పేజీ గెంతుతోంది, తెరుచుకోవడమూ ఆలస్యం

‘ఆర్డర్’ నొక్కబోతుంటే పైన ఫోటో దిగుతుంది, బటన్ కిందికి జారిపోతుంది, వేలు ఇంకెక్కడో పడుతుంది.

కారణం: ఫోటోలకి విడ్త్, హైట్ రాయలేదు. పైగా కెమెరాలో తీసిన 5 ఎంబీ ఫోటో యథాతథంగా ఎక్కించారు.

పరిష్కారం: కొలతలు రాయండి, ఫోటోని కనబడే సైజుకి తగ్గించి, ఫైలు చిన్నదయ్యే వెబ్‌పీ ఫార్మాట్‌లో పెట్టండి. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. మీ పేజీకి ఎంత పడుతోందో గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

సమస్య: అంతా బాగుంది, ఫోన్లు మాత్రం రావు

కారణం: నంబరు బ్యానర్ బొమ్మలో ఇరుక్కుంది. అడ్రసు ‘మా గురించి’ పేజీ అడుగున ఉంది.

పరిష్కారం: నొక్కగానే డయల్ అయ్యేలా నంబరు పెట్టండి. జగదాంబ జంక్షన్ నుంచి ఎటు తిరగాలో రాయండి. తర్వాత సైట్ ఎప్పుడూ చూడనివాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, ఒక పని చెప్పి, ఇక నోరు మెదపకండి. ఆ స్వీట్ షాపు సైట్ ఇచ్చి, “ఆదివారం తెరుస్తారేమో చూడు అత్తయ్యా” అన్నాను. ఆవిడ మెనూ మూడుసార్లు తెరిచి మూసింది. చివరికి, “నంబరు చెప్పు నాయనా, ఫోన్ చేసి అడుగుతాను” అంది. ఆ సాయంత్రమే షాపు వేళలు పేజీ మొదట్లోకి తెచ్చాం.