బొగ్గు లారీల దారిలో స్పోర్ట్స్ కారు: రంగు మీద పారదర్శక రక్షణ ఫిల్మ్ వేయించే పద్ధతి

మహారాష్ట్రలోని చంద్రపూర్ నుంచి భద్రావతి, వరోరాల మీదుగా నాగపూర్ వెళ్ళే దారిలో బొగ్గు లారీ వెనకాల పది నిమిషాలు కారు నడిపినవారికి ఈ ఫిల్మ్ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. లారీ టైరు గాడిలో ఇరుక్కున్న కంకర ఎగిరివచ్చి తగిలిన చోట ఆవగింజంత పెచ్చు లేచిపోతుంది. అది ఇనుప రేకు అయితే తరువాతి వానాకాలానికి అక్కడ తుప్పు మొదలవుతుంది. స్పోర్ట్స్ కారు ముందుభాగం నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కనుక మామూలు కారు కింద నుంచి దాటిపోయే రాయి కూడా దీనికి సూటిగా ముఖం మీదే తగులుతుంది. మా బావమరిది ఎర్ర రంగు మస్టాంగ్ స్పోర్ట్స్ కారు కొన్న ఆరు నెలలకు ముందు బంపర్‌ను వేలితో తడిమి లెక్కపెడితే పదిహేడు పెచ్చులు తేలాయి.

పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అని అందరూ పిలిచే ఈ ఫిల్మ్ ప్రధానంగా పాలీయురెథేన్‌తో తయారవుతుంది. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ళ దెబ్బల నుంచి కాపాడడానికి పుట్టిన పదార్థమే తరువాత కార్లకు వచ్చింది. కారు మీద ఫ్యాక్టరీ రంగు పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందమే ఉంటుంది, అందులో పైన మెరిసే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లకు మించదు. ఫిల్మ్ ఒక్కటే దాదాపు 200 మైక్రాన్లు ఉంటుంది, పైగా సాగే గుణం వల్ల రాతి దెబ్బను తనలోనే ఇముడ్చుకుంటుంది. చవకగా దొరికే పీవీసీ ఫిల్మ్ మాత్రం వద్దు. అది మన ఎండకు త్వరగా పసుపెక్కి పగుళ్ళు తీస్తుంది, గీత పడితే మానదు. బిల్లు మీద టీపీయూ (థర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్) అని రాయించుకోండి, రోల్ మీది సంఖ్యను వారంటీ కాగితంలో వేయించుకోండి.

కారంతా వేయించే స్తోమత లేకపోతే రాయి తగిలే చోట్లనే ఎంచుకోవాలి. ముందు బంపర్, బానెట్ మొత్తం, ముందు ఫెండర్లు (ముందు చక్రాల పైని రేకులు), పక్క అద్దాల వెనక భాగం, ముందు గ్లాసుకు రెండు పక్కలా ఉండే స్తంభాలు, పైకప్పు ముందంచు మొదట వస్తాయి. అంతే ముఖ్యమైనవి చాలామంది మరిచిపోయేవి మరికొన్ని ఉన్నాయి: తలుపుల కింది పట్టీ, వెనక చక్రాలకు ముందుండే ఉబ్బెత్తు భాగం. స్పోర్ట్స్ కార్లకు టైర్లు వెడల్పు కనుక ముందు చక్రం విసిరిన గులకరాయి సరిగ్గా అక్కడే తగులుతుంది. బానెట్‌కు ముందు సగం మాత్రమే వేసే పద్ధతిని నేను సమర్థించను, ఎందుకంటే మధ్యలో పడే అంచు గీత దగ్గర బొగ్గు మసి చేరి ఏడాది తిరిగేసరికి నల్లటి దారంలా కనిపిస్తుంది.

ఇక అసలు పని శుభ్రం చేయడం. ఫిల్మ్ కింద ఏది మిగిలితే అది ఐదారేళ్ళు అక్కడే ఉంటుంది. ఈ మాట మన చంద్రపూర్ ప్రాంతానికి మరీ వర్తిస్తుంది, ఎందుకంటే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్ళో కారును రాత్రి ఆరుబయట నిలిపితే తెల్లవారేసరికి మంచుతో కలిసిన బూడిద దాని మీద పూత పూసినట్టు ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడవడమంటే సన్న ఇసుకతో రుద్దడమే. ముందు నీళ్ళు ధారగా పోసి వదులు చేయాలి, ఆ తరువాత షాంపూ నురగతో కడగాలి. కడిగి ఆరిన బానెట్ అద్దంలా మెరుస్తున్నా దాన్ని నమ్మకండి. పలుచని ప్లాస్టిక్ సంచిలోకి చెయ్యి దూర్చి వేళ్ళ కొసలతో మెల్లగా నిమిరి చూడండి. కంటికి కనబడనిది బొంబాయి రవ్వలా చేతికి తగులుతుంది.

ఆ రవ్వలో కొంత బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి రేగిన ఇనుప ధూళి. దానికి ఐరన్ రిమూవర్ చల్లి రెండు మూడు నిమిషాలు ఆగితే రంగు మీద నుంచి నేరేడు పండు రసంలాంటి ధార కారుతుంది. అది ఎండిపోకముందే కడిగేయాలి. డాంబరు చుక్కలకు వేరే ద్రావకం ఉంటుంది. అప్పటికీ మిగిలినదాన్ని క్లే బార్ అనే, మురికిని పట్టి లాగే మెత్తని ముద్దతో, సబ్బునీటి తడి మీద, ఒత్తిడి లేకుండా తీయాలి. క్లే ముక్క నేల మీద పడితే దాన్ని పారేయడం తప్ప మార్గం లేదు. మా బావమరిది ఇదంతా చూసి, “శుభ్రం చేయడానికే రెండు రోజులా బావా?” అని విసుక్కున్నాడు. అవును, రెండు రోజులే. ఆ తరువాత సన్నగీతలను పాలిష్‌తో తీయించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో జిడ్డు తుడిచి, లైట్ల సందుల్లో, లోగోల చుట్టూ నిలిచిన నీటిని గాలి కొట్టి బయటికి తీయాలి. ఆ సందుల్లోంచి జారే నీరే దుమ్మును ఫిల్మ్ కిందికి మోసుకొస్తుంది. ఏ భాగానికైనా కొత్తగా రంగు వేయించి ఉంటే కనీసం నెల రోజులు ఆగండి, లేకపోతే రంగులోంచి వచ్చే ఆవిరి ఫిల్మ్ కింద బుడగలు కడుతుంది. ముందే సిరామిక్ కోటింగ్ (రంగు మీద ద్రవంగా పూస్తే గట్టిపడే రక్షణ పూత) ఉంటే ఫిల్మ్ సరిగా పట్టదు కనుక దాన్ని పాలిష్‌తో తొలగించాలి. కోటింగ్ కావాలనుకుంటే ఫిల్మ్ మీద తరువాత వేయించుకోవచ్చు.

కాలం విషయానికి వస్తే, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళో ఏసీ లేని షెడ్డులో ఈ పని పెట్టుకోకండి. వేడి రేకు మీద జిగురు ముట్టుకున్న క్షణమే పట్టేస్తుంది, సర్దడానికి వీలుండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తలుపులు మూసిన గదిలో, నేల మీద నీళ్ళు చల్లి, ఫ్యాను ఆపి చేయించడం ఉత్తమం. లీటరు నీళ్ళలో కొన్ని చుక్కల బేబీ షాంపూ కలిపి రంగు మీద, ఫిల్మ్ జిగురు వైపు ధారాళంగా చల్లుతారు. ఆ తడి మీద ఫిల్మ్‌ను జరిపి కుదుర్చుకుని, స్క్వీజీతో (నీటిని తోసే రబ్బరు పలకతో) మధ్య నుంచి అంచులకు నీటిని తోస్తారు. పట్టు కావలసిన మూలల్లో ఆల్కహాల్ నీళ్ళు వాడతారు. ఇక్కడ బోరు నీళ్ళు వాడనివ్వకండి, వాటిలోని లవణాలు ఆరాక ఫిల్మ్ కింద తెల్లమచ్చలుగా మిగులుతాయి. ఆర్‌ఓ నీళ్ళు గానీ డిస్టిల్డ్ నీళ్ళు గానీ తీసుకోండి. బంపర్ వంపుల దగ్గర ఫిల్మ్‌ను అతిగా లాగితే జిగురు చారలు తేలతాయి, మొదటి వేసవికే అంచు వెనక్కి ముడుచుకుంటుంది. తలుపు అంచులు, తలుపు పిడి వెనక గుంట వంటి చిన్న భాగాలను ఓపిక ఉంటే ఇంట్లోనే వేసుకోవచ్చు, బంపర్ జోలికి మాత్రం పోకండి.

ఒక హెచ్చరిక నా అనుభవం నుంచి చెబుతాను. నా పాత కారుకు ఒక దుకాణంలో ఫిల్మ్‌ను కారు మీదే పరిచి బ్లేడుతో కోశారు. మూడేళ్ళకు ఫిల్మ్ తీసినప్పుడు బానెట్ అంచు పొడవునా క్లియర్ కోట్ తెగిన గీత కనిపించింది. అందుకే డబ్బు కట్టేముందే అడగండి: మీ మోడల్‌కు కంప్యూటర్ మీద ముందే కోసిన ముక్కలు తెస్తారా, కారు మీద కోయవలసి వస్తే బ్లేడుకు బదులు దారపు టేపు (ఫిల్మ్ కింద అతికించి, అందులోని దారాన్ని లాగితే ఫిల్మ్‌ను కోసేది) వాడతారా, అంచును లోపలికి మడిచి అతికిస్తారా. సూటిగా జవాబు రాకపోతే నాగపూర్ దాకా వెళ్ళడానికైనా వెనుకాడకండి.

కారు చేతికి వచ్చిన రోజు ఎండలో, పక్క నుంచి వంగి చూడండి. చిన్న నీటి బుడగలు, పాలపొరలాంటి మసక నెల రోజుల్లో ఆరిపోతాయి. బుడగ మధ్యలో నలుసు ఉంటే అది పోదు, ఆ ముక్క మార్పించాలి. వారం రోజులు కడగకండి. తరువాత కూడా ప్రెషర్ వాషర్ గొట్టాన్ని అడుగున్నర దూరంలో ఉంచి, అంచుల వైపు ఏటవాలుగా కాక నిటారుగా పట్టండి. పక్షి రెట్టలు, పురుగుల మరకలు, వేసవిలో ఇప్పచెట్టు కింద నిలిపినప్పుడు రాలే పూల జిగురు ఎండేదాకా ఉంచకుండా తడిగుడ్డ కాసేపు వేసి మెత్తబరచి తీయండి. పెట్రోలు, థిన్నర్ ఎప్పుడూ తాకించకండి. కడిగేటప్పుడు పడే సన్నగీతలు వేడి తగిలితే వాటంతటవే మానతాయి, మన ఎండలో కారును గంటసేపు నిలిపితే చాలు.

ఐదేళ్ళు దాటాక ఏటా అంచులను గోటితో తడిమి చూడండి. పసుపు ఛాయ గానీ పెళుసుదనం గానీ మొదలైతే ఇంకో ఏడాది లాగించకుండా తీయించేయాలి, ఎందుకంటే పెళుసైన ఫిల్మ్ ముక్కలు ముక్కలుగా ఊడి జిగురంతా రంగు మీద వదిలేస్తుంది. తీసేటప్పుడు రేకును గోరువెచ్చగా చేసి, ఫిల్మ్‌ను పైకి లాగకుండా రేకుకు ఆనించినట్టుగా వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. మధ్యలో ఎప్పుడైనా మళ్ళీ రంగు వేయించిన భాగం ఉంటే ఆ సంగతి పనివాడికి ముందే చెప్పండి, అక్కడ ఫిల్మ్‌తో పాటు రంగు కూడా ఊడివచ్చే ప్రమాదం ఉంది.